ఇంగ్లిష్ సందేహాలు: తోక చూసి యాడ్వెర్బ్ అనకండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా యాడ్వెర్బ్ మీదే. మన తెలుగు పుస్తకాల్లో క్రియా విశేషణం అని చదువుకున్నామే, అదే. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చినవే ఎక్కువ కాబట్టి వాటినే ఏరి ఒకచోట పెట్టాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు, అందుకని ఎవరివీ వేయలేదు.

ప్రశ్న: సార్, చివర ‘లీ’ ఉంటే యాడ్వెర్బ్ అని మాకు చిన్నప్పటి నుంచీ చెప్పారు. మొన్న మోడల్ టెస్టులో ‘హీ ఈజ్ ఎ ఫ్రెండ్లీ కండక్టర్’ అనే వాక్యం ఇచ్చి ఇందులో యాడ్వెర్బ్ ఏది అంటే ‘ఫ్రెండ్లీ’ అని పెట్టాను. ‘ఏదీ లేదు’ అన్నది కరెక్ట్ అంట. మైనస్ మార్కు కూడా పడింది. ఇదేం న్యాయం?
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: న్యాయమే నాయనా. నీకు చెప్పినవాళ్లు సగం చెప్పి వదిలేశారు, అంతే. ‘ఫ్రెండ్లీ’ ఎవరి గురించి చెబుతోంది? కండక్టర్ గురించి. కండక్టర్ నౌన్. నౌన్ గురించి చెప్పేది యాడ్జెక్టివ్. ఆ మాట చివర లీ ఉన్నా, లా ఉన్నా అది యాడ్జెక్టివే. యాడ్వెర్బ్ అనేది వెర్బ్ గురించి చెబుతుంది, లేదంటే ఒక యాడ్జెక్టివ్ గురించి, ఇంకో యాడ్వెర్బ్ గురించి, ఒక్కోసారి మొత్తం వాక్యం గురించి చెబుతుంది. నౌన్ జోలికి మాత్రం మామూలుగా పోదు. ఇది గుర్తుంటే చాలు, తోకతో పని లేదు.

అయినా తోక సంగతి కూడా కాస్త తెలుసుకో, పరీక్షలో పనికొస్తుంది. యాడ్జెక్టివ్‌కి లీ తగిలిస్తే యాడ్వెర్బ్ వస్తుంది: స్లో, స్లోలీ, హానెస్ట్, హానెస్ట్లీ, క్విక్, క్విక్లీ. నౌన్‌కి లీ తగిలిస్తే ఎక్కువగా యాడ్జెక్టివ్ వస్తుంది: ఫ్రెండ్, ఫ్రెండ్లీ, కాస్ట్, కాస్ట్లీ, కవార్డ్ (పిరికివాడు), కవార్డ్లీ, లవ్, లవ్లీ. కాబట్టి లీని పక్కకు తీసి చూడు, మిగిలింది నౌన్ అయితే అనుమానపడు. అగ్లీ, సిల్లీ లాంటివి ఇలా విడగొడితే విడిపోవు, అవి పుట్టుకతోనే యాడ్జెక్టివ్‌లు అనుకో. ఫ్యామిలీ, జులై, రిప్లై, సప్లై అన్నింటికీ స్పెల్లింగులో ఎల్, వై ఉన్నాయి కదా, వాటిని ఎవరైనా యాడ్వెర్బ్ అంటారా?

రెండు పక్కలా తిరిగేవి కూడా ఉన్నాయి. ‘డైలీ పాసింజర్’ అంటే డైలీ యాడ్జెక్టివ్, ‘హీ గోస్ టు గుత్తి డైలీ’ అంటే యాడ్వెర్బ్. వీక్లీ, మంత్లీ, ఎర్లీ కూడా ఇంతే. మరి ఫ్రెండ్లీగా మాట్లాడాడు అనాలంటే ఎట్లా అని అడుగుతావు కాబోలు. ‘హీ స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అంటాం. ఇంకోవైపు చూస్తే వెరీ, సూన్, నౌ, హియర్, నెవర్, ఆఫెన్, ఆల్మోస్ట్, టూ, వెల్, వీటిలో దేనికీ లీ లేదు, అన్నీ యాడ్వెర్బులే, మనం రోజూ ఎక్కువగా వాడేదీ వీటినే.

ప్రశ్న: మాస్టారూ, మా పాప ఆరో తరగతి. ‘ద రోజ్ స్మెల్స్ స్వీట్లీ’ అని రాస్తే వాళ్ల టీచర్ కొట్టేసి ‘స్వీట్’ అని దిద్దారు. స్మెల్స్ వెర్బ్ కదా, వెర్బ్ గురించి చెప్పేది యాడ్వెర్బ్ అని పుస్తకంలోనే ఉంది కదా అని పాప నన్ను పట్టుకుంది. నాకు కూడా టీచర్‌దే తప్పేమో అనిపిస్తోంది. అడుగుదామంటే మొహమాటం.
– ఒక అమ్మ, కడప

జవాబు: టీచర్ దిద్దింది కరెక్టేనమ్మా, మొహమాటపడి అడగకపోవడమే మంచిదైంది. కానీ మీ పాప వేసిన ప్రశ్న ఉందే, డిగ్రీ చదివిన వాళ్లు కూడా అంత సూటిగా వేయరు. దీనికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను, ఎందుకంటే తెలుగు పిల్లలు యాడ్వెర్బ్ దగ్గర చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది.

మన ‘గా’ చూడండి. ‘పాప ముగ్గు అందంగా వేసింది’ అంటాం, ‘పాప అందంగా ఉంది’ అని కూడా అంటాం. రెండు చోట్లా అదే అందంగా. మొదటి వాక్యంలో వేయడం ఎలా జరిగిందో చెబుతున్నాం, రెండో దానిలో పాప ఎలాంటిదో చెబుతున్నాం. తెలుగుకి ఈ తేడా పట్టదు, రెండింటికీ ఒకటే గా. ఇంగ్లిష్‌కి పట్టింపు ఉంది. వేయడం గురించి చెబితే ‘బ్యూటిఫుల్లీ’, పాప గురించి చెబితే ‘బ్యూటిఫుల్’. మన పిల్లలు గా కనిపించగానే లీ తగిలించేస్తారు, ‘షీ ఈజ్ బ్యూటిఫుల్లీ’, ‘ఐ యామ్ హ్యాపీలీ’ అని రాసేది అందుకే. బుర్ర తక్కువై కాదు, తెలుగు బాగా వచ్చి.

క్లాసులో రోజూ వినే మాటలే తీసుకోండి. ‘నిశ్శబ్దంగా ఉండండి’ అంటే ‘కీప్ సైలెంట్’, సైలెంట్లీ కాదు. ‘జాగ్రత్తగా ఉండు’ అంటే ‘బీ కేర్‌ఫుల్’. అదే ‘బండి జాగ్రత్తగా నడుపు’ అంటే ‘డ్రైవ్ కేర్‌ఫుల్లీ’. తెలుగులో రెండు చోట్లా జాగ్రత్తగానే ఉంది. ఉండడం దగ్గర యాడ్జెక్టివ్, చేయడం దగ్గర యాడ్వెర్బ్, పాపకు ఇలా చెప్పి చూడండి.

ఇప్పుడు గులాబీ దగ్గరికి వద్దాం. గులాబీ ఇక్కడ ఏ పనీ చేయడం లేదు. ముక్కు పెట్టి దేన్నీ వాసన చూడటం లేదు. ఊరికే ఉంది, దాని వాసన తియ్యగా ఉంది. అంటే స్మెల్స్ అనేది ఇక్కడ ‘ఉంది’ అనే మాటకు దగ్గర. లుక్, స్మెల్, టేస్ట్, ఫీల్, సౌండ్, సీమ్, బికమ్ ఇలాంటివి. వీటిని లింకింగ్ వెర్బ్స్ అంటారు. పరీక్ష చాలా తేలిక: ఆ వెర్బ్ తీసేసి ‘ఈజ్’ పెట్టి చదవండి. ‘ద రోజ్ ఈజ్ స్వీట్’, కుదిరింది, కాబట్టి యాడ్జెక్టివ్. ‘ద కారం దోసె టేస్ట్స్ గుడ్’, ‘ద దోసె ఈజ్ గుడ్’, ఇదీ కుదిరింది. 

కానీ అవే వెర్బులు నిజంగా పని చేసే సందర్భాలు ఉంటాయి, అక్కడ మాత్రం లీ కావాలి. వంటమనిషి చట్నీని జాగ్రత్తగా రుచి చూస్తే ‘షీ టేస్టెడ్ ద చట్నీ కేర్‌ఫుల్లీ’. చట్నీ రుచి చూడటం ఒక పని. ‘షీ ఈజ్ ద చట్నీ’ అని ఈజ్ పెట్టి చదివితే నవ్వొస్తుంది కదా, అంటే ఇక్కడ అది లింకింగ్ వెర్బ్ కాదు. అలాగే ‘హీ లుక్స్ యాంగ్రీ’ అంటే కోపంగా కనబడుతున్నాడు, ‘హీ లుక్డ్ యాంగ్రిలీ యాట్ ద డ్రైవర్’ అంటే డ్రైవర్ వైపు కోపంగా చూశాడు. కుక్క కంపు కొడుతుంటే ‘ద డాగ్ స్మెల్స్ బ్యాడ్’ అనాలి. ‘బ్యాడ్లీ’ అన్నారంటే దాని ముక్కు సరిగా పనిచేయడం లేదని అర్థం వస్తుంది, పాపకు ఈ ఉదాహరణ నచ్చుతుంది.

మీరు కడప కాబట్టి ఒకటి చెప్పాలనిపిస్తోంది. 1820లో ఉద్యోగం మీద మీ ఊరికి వచ్చిన బ్రౌన్ దొర తర్వాత 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లిష్‌లో రాసి అచ్చు వేయించాడు. ఇంగ్లిష్ పుట్టుభాషగా ఉన్నవాళ్లు తెలుగు నేర్చుకుంటే ఇదే చిక్కు తిరగబడుతుంది: వాళ్ల తలలో ‘హ్యాపీ’ ఒక్కటే ఉంటుంది కాబట్టి ‘నేను సంతోషమైన ఉన్నాను’ అనేస్తారు, గా పెట్టడం గుర్తుండదు. పాపతో ఆ సంగతి కూడా చెప్పండి, తప్పులు మనవి మాత్రమే కాదని తెలుస్తుంది.

ప్రశ్న: సార్, నేను నంద్యాలలో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. ఎర్రర్ స్పాటింగ్‌లో ‘హీ వర్క్డ్ హార్డ్లీ టు పాస్ ద ఎగ్జామ్’ ఇచ్చారు. నేను ‘నో ఎర్రర్’ పెట్టాను. హార్డ్ యాడ్జెక్టివ్, హార్డ్లీ యాడ్వెర్బ్ కాదా? ఇలాంటివి ఇంకా ఏమేం ఉన్నాయో చెబితే టెన్షన్ తగ్గుతుంది.
– నంద్యాల

జవాబు: ‘హార్డ్లీ’ యాడ్వెర్బే, కాకపోతే దాని అర్థం వేరు. కష్టపడి అని కాదు, దాదాపు లేదు అని. ‘ఐ వర్క్ హార్డ్’ అంటే కష్టపడతాను. ‘ఐ హార్డ్లీ వర్క్’ అంటే పనిచేసేదే లేదు. ఇంటర్వ్యూలో మొదటిది అనబోయి రెండోది అనేశావంటే వాళ్లు నవ్వి పంపించేస్తారు. హార్డ్ అనే మాట యాడ్జెక్టివ్‌గానూ యాడ్వెర్బ్‌గానూ ఉన్నదున్నట్టే వాడతాం, మార్చనక్కర్లేదు.

ఇలాంటి జంటలు పరీక్ష పెట్టేవాళ్లకు ఇష్టం. ‘లేట్’ అంటే ఆలస్యంగా, ‘లేట్లీ’ అంటే ఈ మధ్య. ‘ద ట్రైన్ కేమ్ లేట్’ అనాలి, ‘లేట్లీ’ అంటే తప్పు. ‘నియర్’ అంటే దగ్గర, ‘నియర్లీ’ అంటే దాదాపు. ‘హై’ అంటే ఎత్తులో, గాలిపటం ఎగిరేది హై. ‘హైలీ’ అంటే చాలా, ‘హైలీ క్వాలిఫైడ్’. ‘షార్ట్లీ’ అంటే పొట్టిగా కాదు, కాసేపట్లో. రైల్వే స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ వింటూనే ఉంటావు కదా, ‘షార్ట్లీ’ అన్నాక ఎంతసేపటికి వస్తుందో అది వేరే సంగతి.

హార్డ్లీతో ఇంకో రెండు మెలికలు. ఒకటి, దాని కడుపులోనే ‘కాదు’ ఉంది కాబట్టి పక్కన మళ్లీ నాట్ పెట్టకూడదు. ‘ఐ కుడ్ నాట్ హార్డ్లీ హియర్’ తప్పు, ‘ఐ కుడ్ హార్డ్లీ హియర్’ కరెక్టు. రెండోది, వాక్యం మొదట్లో పెడితే ఆక్సిలరీ వెర్బ్, అంటే హ్యాడ్ లాంటి సాయం చేసే వెర్బ్, ముందుకు దూకుతుంది: ‘హార్డ్లీ హ్యాడ్ ద బస్ లెఫ్ట్ నంద్యాల వెన్ ఇట్ స్టార్టెడ్ రెయినింగ్.’ స్కేర్స్లీ కూడా ఇంతే. హార్డ్లీకి జత ‘వెన్’. ‘నో సూనర్’కి జత ‘దేన్’. ఈ రెంటినీ అటూ ఇటూ మార్చి ఇస్తారు, నీ ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నల్లో ఇది తప్పకుండా ఎక్కడో ఒకచోట తగులుతుంది. మిగతావి బట్టీ పట్టకపోయినా ఇది పట్టు.

ప్రశ్న: అన్నా, మాది హిందూపురం, బెంగళూరులో సాఫ్ట్‌వేర్. మీటింగులో నేను ‘ఐ యామ్ గోయింగ్ టు హోమ్’, ‘ఐ యామ్ ఫ్రమ్ హిందూపురం ఓన్లీ’, ‘ఐ సెంట్ ద మెయిల్ యెస్టర్‌డే ఇట్‌సెల్ఫ్’ అంటుంటే ఢిల్లీ నుంచి వచ్చిన మా టీమ్ లీడ్ ముసిముసిగా నవ్వుతాడు. వీటిలో యాడ్వెర్బ్ తప్పులు ఉన్నాయా, లేక నా యాస చూసి నవ్వుతున్నాడా?
– హిందూపురం

జవాబు: మొదటిది తప్పు. మిగతా రెండూ తప్పు అనడానికి నాకు మనసొప్పదు గానీ, మీటింగులో వద్దు.

హోమ్ అనేది వెళ్లడం, రావడం లాంటి వెర్బుల పక్కన యాడ్వెర్బ్‌గా పనిచేస్తుంది. ఇంటికి అన్నదానిలో ఆ ‘కి’ ఉంది చూడు, అది దాని లోపలే కలిసిపోయింది. కాబట్టి ‘టు’ అక్కర్లేదు: ‘ఐ యామ్ గోయింగ్ హోమ్’. హియర్, దేర్, అబ్రాడ్, అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్ కూడా ఇంతే. ‘కమ్ టు హియర్’, ‘గో టు దేర్’, ‘హీ వెంట్ టు అబ్రాడ్’ మనవైపు తెగ వినిపిస్తాయి, ఇక్కడికి, అక్కడికి, విదేశాలకు అని మన నోరు అలవాటు పడింది కదా. ‘మై హోమ్’ అన్నావంటే మాత్రం అది నౌన్ అయిపోతుంది, అప్పుడు ‘టు మై హోమ్’ అనొచ్చు. ఆఫీస్, స్కూల్, మార్కెట్ ఎప్పుడూ నౌన్లే, వాటికి టు కావాలి.

ఓన్లీ సంగతి వేరే. ‘మాది హిందూపురమే’ అన్నప్పుడు ఆ చివర ‘ఏ’ పెట్టి నొక్కుతాం కదా, దాన్ని ఇంగ్లిష్‌లోకి తేవడానికి మనవాళ్లు ఓన్లీని పట్టుకున్నారు. ‘నిన్ననే’ అన్నదానికి ‘ఇట్‌సెల్ఫ్’ కూడా అదే పని. మన దేశంలో ఇలా మాట్లాడేవాళ్లు కోట్లలో ఉన్నారు, హిందీ వాళ్లకూ వాళ్ల భాషలో నొక్కి చెప్పే ‘హీ’ వల్ల ఇదే అలవాటు, కాబట్టి నీ టీమ్ లీడ్ నవ్వే ముందు తన మాట తను రికార్డు చేసి వినడం మంచిది. కానీ బయటి దేశం క్లయింట్‌కి మెయిల్ రాస్తే అతనికి ఓన్లీ అంటే ‘మాత్రమే’ తప్ప ఇంకో అర్థం తెలియదు. ‘ఐ యామ్ ఫ్రమ్ హిందూపురం’ అని ఆపేయ్, ‘ఐ సెంట్ ద మెయిల్ యెస్టర్‌డే’ అని ఆపేయ్. నొక్కి చెప్పాలంటే గొంతుతో నొక్కు.

ఓన్లీని ఎక్కడ పెడతావో దాన్నిబట్టి అర్థం మారుతుంది, అది కూడా చూసుకో. ‘ఓన్లీ ఐ ఏట్ ఉగ్గాని’ అంటే ఉగ్గాని తిన్నది నేనొక్కణ్ణే, మిగతావాళ్లు తినలేదు. ‘ఐ ఏట్ ఓన్లీ ఉగ్గాని’ అంటే బజ్జీ ముట్టుకోలేదు. (ఉగ్గానితో బజ్జీ తిననివాడు ఉంటాడా అనేది నా అనుమానం.) ‘ఐ ఓన్లీ ఏట్ ఉగ్గాని’ అంటే ఉగ్గాని మాత్రమే తిన్నానని అయినా, తినడం తప్ప ఇంకేం చేయలేదని అయినా అనుకోవచ్చు, మాటల్లో పరవాలేదు, రాతలో ఏ మాట గురించి చెబుతున్నావో దాని పక్కనే పెట్టు.

అడగలేదు గానీ ఇంకో రెండు చెప్పేస్తాను. ‘టూ డేస్ బిఫోర్ ఐ మెట్ హిమ్’ అని అంటుంటారు, ఈరోజు నుంచి వెనక్కి లెక్కపెడితే ‘టూ డేస్ ఎగో’. ‘యెస్టర్‌డే నైట్’ కంటే ‘లాస్ట్ నైట్’ బాగుంటుంది.

ప్రశ్న: నేను లారీ డ్రైవర్ని సార్. చదివింది పదో తరగతి వరకే. గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు మా అబ్బాయి పక్కన కూర్చుని ‘గో స్లో’ అనే బోర్డు చూసి ఇది తప్పు నాన్నా, ‘గో స్లోలీ’ అనాలి అన్నాడు. సర్కారు బోర్డు తప్పుంటుందా?
– రాయచోటి

జవాబు: సర్కారు బోర్డులో తప్పులు బోలెడుంటాయి గానీ ఇది మాత్రం తప్పు కాదన్నా. స్లో అనే మాటను లీ లేకుండానే యాడ్వెర్బ్‌గా వాడటం ఇంగ్లిష్‌లో వందల ఏళ్ల నుంచీ ఉంది, మంచి డిక్షనరీలన్నీ ఒప్పుకుంటాయి. వీటికి ఫ్లాట్ యాడ్వెర్బ్స్ అని పేరు. పాత ఇంగ్లిష్‌లో యాడ్జెక్టివ్ చివర ‘ఎ’ లాంటి చిన్న శబ్దం చేర్చి యాడ్వెర్బ్ చేసేవాళ్లు, కాలం గడిచేకొద్దీ ఆ శబ్దం అరిగిపోయింది, దాంతో రెండూ ఒకే రూపంలో మిగిలాయి. ఫాస్ట్, హార్డ్ అలా వచ్చినవే. లీ కూడా ఆ పాత భాషలోంచే వచ్చింది, అప్పట్లో ‘లీచె’ అనేవాళ్లు, అది రానురాను ‘లీ’గా అరిగి మిగతా మాటలకు అంటుకుంది.

మీ అబ్బాయికి చెప్పండి, ‘డ్రైవ్ స్లో’, ‘డ్రైవ్ స్లోలీ’ రెండూ సరే, పరీక్షలో మాత్రం స్లోలీ రాయమనండి, దిద్దేవాళ్లతో వాదన ఎందుకు. వెర్బ్‌కి ముందు పెట్టాల్సి వస్తే స్లోలీ ఒక్కటే కుదురుతుంది: ‘హీ స్లోలీ టర్న్డ్ ద లారీ’. ‘హీ స్లో టర్న్డ్’ అనరు. ఇంకో సంగతి, ఫాస్ట్‌కి లీ లేదు. ‘ఫాస్ట్లీ’ అనే మాటే లేదు, మీ అబ్బాయి క్లాసులో సగం మంది అది రాసుంటారు, కావాలంటే అడగమనండి.

ఘాట్‌లో పాలకోవా కోసం ఆగినప్పుడు మాకూ ఒక పావుకిలో కట్టించండి.

ప్రశ్న: ‘ఆల్వేస్’ ఎక్కడ పెట్టాలో ఎప్పుడూ తికమకే. ‘ఐ లైక్ వెరీ మచ్ ఓళిగలు’ కూడా తప్పంట, ఎందుకు?
– ఆదోని

జవాబు: ఆల్వేస్, ఆఫెన్, యూజువల్లీ, నెవర్ లాంటివి మామూలు వెర్బ్‌కి ముందు వస్తాయి, యామ్, ఈజ్, ఆర్, వజ్‌ల తర్వాత వస్తాయి. ‘హీ ఆల్వేస్ కమ్స్ లేట్’, ‘హీ ఈజ్ ఆల్వేస్ లేట్’. రెండు వెర్బులుంటే మధ్యలో: ‘హీ హ్యాజ్ ఆల్వేస్ కమ్ లేట్’.

ఓళిగల దగ్గర సమస్య ఏమంటే, ఇంగ్లిష్ వెర్బ్‌కీ దాని ఆబ్జెక్ట్‌కీ మధ్య ఎవరినీ దూరనివ్వదు. లైక్ పక్కన ఓళిగలే ఉండాలి, వెరీ మచ్ చివరికి పోవాలి: ‘ఐ లైక్ ఓళిగలు వెరీ మచ్’. 

ఇక రెండు మూడు యాడ్వెర్బ్ మాటలు ఒకచోట పడితే, ఎలా, ఎక్కడ, ఎప్పుడు అనే వరుసలో పోవడం మామూలు పద్ధతి. మనం ‘నిన్న ఆదోని మార్కెట్లో పత్తి బాగా అమ్ముడుపోయింది’ అంటాం, ముందు నిన్న, తర్వాత మార్కెట్, చివర బాగా. ఇంగ్లిష్‌లో అచ్చంగా తిరగేస్తాం: ‘ద కాటన్ సోల్డ్ వెల్ ఇన్ ఆదోని మార్కెట్ యెస్టర్‌డే’. యెస్టర్‌డేని మొదటికి తెచ్చినా తప్పు లేదు, కాలం చెప్పే మాటలకు ఆ స్వేచ్ఛ ఉంది.

ప్రశ్న: అయ్యా, నేను పత్తికొండ దగ్గర ఒక పల్లెలో టీచర్ని. వాక్యం ఇచ్చి యాడ్వెర్బ్ గుర్తించమంటే పిల్లలు బెదిరిపోతారు. రకాలు మాత్రం మేనర్, ప్లేస్, టైమ్, ఫ్రీక్వెన్సీ, డిగ్రీ అని గడగడా అప్పజెబుతారు. ఏం చేయమంటారు?
– పత్తికొండ

జవాబు: రకాల పేర్లు కొన్నాళ్లు పక్కన పెట్టేయండి టీచర్ గారూ. అవి పరీక్ష పేపర్‌లో రెండు మార్కులు, అంతే. వాటికి బదులు ప్రశ్నలు ఇవ్వండి: ఎలా, ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎంతగా. వాక్యంలో వెర్బ్ ఏదో ముందు పట్టుకోమని, దాన్ని ఈ ప్రశ్నలు అడగమని చెప్పండి. ఒక వాక్యం బోర్డు మీద రాయండి: ‘ఫార్చునేట్లీ, ద వెరీ ఓల్డ్ బస్ రీచ్డ్ పత్తికొండ క్వైట్ ఎర్లీ టుడే.’

వెర్బ్ రీచ్డ్. ఎప్పుడు చేరింది? టుడే. ఒకటి దొరికింది. ఇంకా ఎప్పుడు? ఎర్లీ. రెండు. ఎంత ఎర్లీ? క్వైట్, ఇది ఎర్లీ అనే యాడ్వెర్బ్ గురించి చెబుతోంది. ఎంత ఓల్డ్? వెరీ, ఇది ఓల్డ్ అనే యాడ్జెక్టివ్ గురించి చెబుతోంది. ఓల్డ్ మాత్రం బస్సు గురించి, కాబట్టి దాన్ని వదిలేయాలి, ఇక్కడే పిల్లలు కొందరు పడతారు, పడనివ్వండి. ఇక మిగిలింది ఫార్చునేట్లీ. అది చేరడం ఎలా జరిగిందో చెప్పడం లేదు, బస్సు అదృష్టంగా నడవలేదు కదా. మొత్తం సంగతి మీద చెప్పేవాడి అభిప్రాయం అది, హమ్మయ్య అన్నట్టు. అలాంటిది వాక్యం మొదట్లో కామాతో కూర్చుంటుంది. ఒక్క వాక్యంలో ఐదు యాడ్వెర్బులు, ఐదూ వేరువేరు మాటలను అంటిపెట్టుకున్నాయని కాదు గానీ, ప్రతిదానికీ ‘నువ్వు ఎవరి గురించి?’ అనే ప్రశ్నకు జవాబుంది. బాణం గుర్తు వేయించండి, వెరీ నుంచి ఓల్డ్‌కి, క్వైట్ నుంచి ఎర్లీకి. బాణం వేయలేకపోతే అర్థం కాలేదని మీకు వెంటనే తెలిసిపోతుంది, అప్పజెప్పించుకుంటే తెలియదు.

పెద్ద పిల్లలు ఒక మెలిక అడుగుతారు, ముందే తయారుగా ఉండండి. ‘టుడే’ ఎప్పుడూ యాడ్వెర్బేనా? ‘టుడే ఈజ్ సండే’ అన్నప్పుడు టుడే ఆ వాక్యానికి సబ్జెక్ట్, అంటే నౌన్. తీసేసి చూడమనండి: మొదటి వాక్యంలో టుడే తీసేసినా బస్సు చేరుతుంది, రెండో దాంట్లో తీసేస్తే వాక్యమే నిలబడదు. ఈ తీసేసే పరీక్ష చాలా చోట్ల పనిచేస్తుంది, అన్ని చోట్లా కాదు. ‘పుట్ ద బాక్స్ దేర్’ అనే దాంట్లో దేర్ యాడ్వెర్బే అయినా తీసేస్తే పెట్టె గాల్లో ఉండిపోతుంది.

‘ఇన్ ద మార్నింగ్’, ‘విత్ గ్రేట్ కేర్’ లాంటివి యాడ్వెర్బ్ పనే చేస్తాయి, కానీ ఒక మాట కాదు, మాటల గుంపు, యాడ్వెర్బియల్ ఫ్రేజ్. పేపర్‌లో యాడ్వెర్బ్ రాయమంటే ఒక్క మాట రాయమనే.

ప్రశ్న: ‘టూ’కీ ‘వెరీ’కీ తేడా ఏంటి? మావాళ్లు ఏది నచ్చినా ‘టూ గుడ్’ అంటారు.
– ప్రొద్దుటూరు

జవాబు: వెరీ అంటే చాలా. టూ అంటే మరీ ఎక్కువై ఇబ్బంది పెట్టేంత. ‘ద టీ ఈజ్ వెరీ హాట్’ అంటే వేడిగా ఉంది, ఊదుకుని తాగొచ్చు. ‘టూ హాట్ టు డ్రింక్’ అంటే నోరు కాలుతుంది, తాగలేం. ‘టూ గుడ్’ అని మెచ్చుకోవడం మన కబుర్లలో స్థిరపడిపోయింది, ఫ్రెండ్స్ మధ్య వాడుకోండి, అప్లికేషన్‌లో ‘ఐ యామ్ టూ హ్యాపీ’ అని మాత్రం రాయకండి. పనిలో పనిగా, ‘ఎనఫ్’ యాడ్జెక్టివ్ తర్వాత వస్తుంది, ‘హాట్ ఎనఫ్’. ‘మోర్ బెటర్’ లేదు, ‘మచ్ బెటర్’ ఉంది.

ప్రశ్న: సార్, మా నాన్న బోర్లు వేయించే మేస్త్రీ. ‘వెల్’ అంటే బావి కదా, అది యాడ్వెర్బ్ ఎట్లా అయింది?
– తొమ్మిదో తరగతి, ధర్మవరం

జవాబు: బావి వెల్ వేరు, ఈ వెల్ వేరు బాబూ, స్పెల్లింగ్ మాత్రమే ఒకటి. ‘ద వెల్ ఈజ్ డీప్’, ఇది నౌన్, మీ నాన్న వెల్. ‘షీ సింగ్స్ వెల్’, బాగా పాడుతుంది, ఇది యాడ్వెర్బ్. గుడ్ అనే యాడ్జెక్టివ్‌కి యాడ్వెర్బ్ ఇదే, ‘గుడ్లీ’ అని చేయకూడదు, ‘షీ సింగ్స్ గుడ్’ అని రాసినా మార్కు పోతుంది. ‘ఐ యామ్ నాట్ వెల్’, ఒంట్లో బాగాలేదు, ఇక్కడ యాడ్జెక్టివ్, యామ్ పక్కన ఉంది చూశావా. ‘వెల్, లెట్ అస్ గో’, ఊరికే ‘సరే’ అన్నట్టు. ఇప్పుడు నువ్వే చెప్పు, ‘ద న్యూ వెల్ ఈజ్ వర్కింగ్ వెల్’ అంటే అందులో ఏది ఏది? జవాబు రాసి పంపు, మీ నాన్న వేసిన బోరులో నీళ్లు పడ్డాయో లేదో కూడా రాయి.